ఒంటిపూట అత్త

ఆవిడ తమ్ముడింటికి వచ్చింది బుధవారం మధ్యాహ్నాల కోసం. పెళ్ళికో పురుడుకో చుట్టాలు రావడం అందరికీ తెలిసిందే. వారంలో ఒక్క పూట కోసం ఒక మనిషి ఉన్న గదీ, చేస్తున్న పనీ వదులుకుని రావడం మాత్రం ఆ వీధివాళ్ళు అంతకుముందు చూడలేదు.

తమ్ముడి కూతురు చదివే ప్రాథమిక పాఠశాలలో హెడ్‌మిస్ట్రెస్ కొత్త పద్ధతి పెట్టింది. టీచర్లంతా ఒక రోజు కూర్చుని పాఠాల గురించి మాట్లాడుకోవాలి, అందుకని ఆ రోజు పిల్లల్ని భోజనం గంటకే ఇళ్ళకి పంపేస్తారు. మొదట నెలకోసారి అన్నారు. ఎలాగో సర్దుకుందాంలే అనుకున్నారు తల్లిదండ్రులు. తర్వాత వారం విడిచి వారం అన్నారు. ఆ పైన, ఏడాది మొత్తానికీ సరిపడా క్యాలెండరొకటి గేటు పక్క బోర్డుకి అంటించి, బుధవారాలన్నిటికీ పసుపురంగు పూసేశారు. దాని ముందు నిలబడి తల్లులు తలలు పట్టుకున్నారు. స్కూలు వ్యాన్లు సాయంత్రమే తప్ప మధ్యాహ్నం తిరగవు. ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళకి బుధవారమూ ఒకటే, మంగళవారమూ ఒకటే. ఒకావిడ హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి వెళ్ళి, "పోనీ శుక్రవారం పెట్టండి మేడం, నాకా రోజు డ్యూటీ ఉండదు" అంది. వెనకే ఇంకొకాయన, "శుక్రవారం వద్దండీ, సోమవారమైతే నేను వచ్చి తీసుకెళ్తా" అన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ ఇద్దరి మాటా ఓపిగ్గా విని, "చూశారా, మీలో మీకే కుదరదు. అందుకే బుధవారం. అందరికీ సమానంగా ఇబ్బంది" అని బెల్లు కొట్టింది.

తమ్ముడు సర్వే ఆఫీసులో పటాలు గీసేవాడు. అతని భార్య కళ్ళాస్పత్రిలో చీటీలిచ్చే కౌంటరు దగ్గర కూర్చునేది. ఇద్దరివీ మధ్యలో లేచి రావడానికి వీల్లేని ఉద్యోగాలు. పిల్ల ఒకటో తరగతి. సన్నగా ఉండి, నిద్రలో తప్ప నోరు మూయదని అందరూ పిచ్చుక అనేవాళ్ళు. మొదటి కొన్ని బుధవారాలు పక్కింటావిణ్ణి బతిమాలి నెట్టుకొచ్చారు. ఆవిడ కొన్నాళ్ళు చూసి, "నాకూ పనులుంటాయమ్మా, ఏమీ అనుకోకు" అని తలుపేసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది తమ్ముడికి, తనకో అక్క ఉందని.

అక్క అదే ఊళ్ళో, ఆ చివర, పాత బట్టలు బాగుచేసే దుకాణంలో పనిచేసేది. ప్యాంట్ల పొడవు తగ్గించడం, ఊడిన జిప్పులు మార్చడం, అరిగిన కాలరు విప్పి, తిరగేసి మళ్ళీ కుట్టడం. ఆవిడ చేత్తో తిప్పిన కాలరు చూస్తే అది పాత చొక్కా అని తొడుక్కున్నవాడే మర్చిపోయేవాడు. దుకాణం పెద్దాయన్ని అందరూ మాస్టారు అనేవాళ్ళు. ఆయనకి చూపు మందగించాక సన్నపని అంతా ఆవిడే చూసుకునేది. భర్త పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు. దుకాణం మీదున్న గదిలో ఉండేది. సొంత మిషను, కిటికీ పక్కన కుర్చీ, మూల చిన్న పొయ్యి. సాయంత్రం ఆ కిటికీ దగ్గర కూర్చుని తింటూ, "నా అన్నం మీద ఎవరి పెత్తనమూ లేదు" అని నవ్వేది.

తమ్ముడూ మరదలూ పళ్ళు పట్టుకుని ఆ గదికి వచ్చారు. తమ్ముడు ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి.

"ఎన్నాళ్ళుంటావే అక్కా, ఇలా ఒక్కదానివే?" అన్నాడు.

"ఇన్నాళ్ళూ ఉన్నాగా."

"అప్పుడు వేరు. ఇప్పుడు మాకు నువ్వు కావాలి."

"మీరొస్తే ఇల్లు ఇల్లులా ఉంటుంది వదినా" అంది మరదలు, పళ్ళ సంచి ఆవిడ చేతిలో పెడుతూ. "పిచ్చుకైతే అత్తెప్పుడొస్తుందని ఒకటే గోల."

పిచ్చుక ఆ అత్తని చూసింది ఒకట్రెండు సార్లే. ఆ సంగతి అక్కకీ తెలుసు. కానీ "మాకు నువ్వు కావాలి" అన్న మాట ఎవరి నోటైనా విని ఆవిడకి ఏళ్ళు గడిచిపోయాయి. ఆ మాట పట్టుకునే గది ఖాళీ చేసింది. మాస్టారు ముభావంగా, "వెళ్తే వెళ్ళు, మిషను మాత్రం పట్టుకెళ్ళు. ఎక్కడున్నా చేతిలో పనుండాలి" అన్నాడు.

మిషను వ్యాన్లోంచి దిగుతుండగానే మరదలి మొహం మారింది. "దీన్నెక్కడ పెడతాం వదినా? ఆ టకటకలకి పిల్ల చదువేం సాగుతుంది" అంది. మిషను కొన్నాళ్ళు బాల్కనీలో వానకి తడిసింది. ఒక బుధవారం ఆవిడ పిల్లని తీసుకుని ఇంటికొచ్చేసరికి ఆ చోట పూలకుండీలున్నాయి. "తుప్పు పట్టేసింది కదక్కా, అడిగినవాళ్ళకిచ్చేశా" అన్నాడు తమ్ముడు. ఆవిడకి ఇచ్చిన గది బట్టలుతికే యంత్రం ఉండే గది. మంచం వేశాక తలుపు సగమే తెరుచుకునేది.

బుధవారం పొద్దున మాత్రం ఆవిడ మహారాణి. మరదలు టీ కప్పు తెచ్చి చేతికిచ్చి, "వదినా, ఇవాళ బుధవారం, గుర్తుందిగా" అనేది. తమ్ముడు బూట్లు తొడుక్కుంటూ, "ఎండగా ఉంది, గొడుగు పట్టుకెళ్ళక్కా" అనేవాడు. గురువారం తెల్లారేసరికి ఆ మర్యాదంతా ఏమయ్యేదో. "మీరెలాగూ ఖాళీయే కదా" అనే మాటతో మొదలై గిన్నెలు, గచ్చు, ఇస్త్రీ ఒక్కొక్కటే ఆవిడ మీదికి వచ్చిపడ్డాయి. ఆదివారాలు ముగ్గురూ కారెక్కి షికారెళ్తుంటే, "వెనక సామాన్లున్నాయి వదినా, మీకు ఇరుకవుతుంది" అని మరదలే గేటు వేయమనేది. ఇంటికి స్నేహితులొస్తే తమ్ముడు ఆవిణ్ణి చూపించి, "మా అక్క. మా ఒంటిపూట అత్త" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఆ పేరు పిల్ల నోటికెక్కింది. పిల్ల నోటినుంచి బడి గేటు కాపలా మనిషికీ ఎక్కింది.

అయినా ఆవిడ దేనికీ నొచ్చుకోలేదు. కారణం పిచ్చుక. భోజనం గంట కొట్టాక సంచి వీపున ఊపుకుంటూ ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి నడుము వాటేసుకుంటే ఆవిడకి వారమంతా పడ్డ కష్టం తీరిపోయేది. ఇద్దరూ దగ్గరి దారి వదిలేసి చుట్టూ తిరిగి వచ్చేవాళ్ళు. ఫైరింజన్ల స్టేషను ముందు ఆగి, వాళ్ళు బండి కడుగుతుంటే చూసేవాళ్ళు. ఇంటికొచ్చాక ఆవిడ గుడ్డముక్కలతో బొమ్మకి కోటు కుట్టేది. పిల్ల సూదిలో దారం ఎక్కించేది.

"అత్తా, బుధవారం కానప్పుడు నువ్వెక్కడుంటావు?" అని అడిగిందొకసారి పిచ్చుక.

"ఇంట్లోనే ఉంటానే."

"మరి కనిపించవేం?"

ఆవిడ నవ్వి, చేతిలో కుట్టు ముగించింది. దారం తెంపుతూ, "నువ్వు చూడాలి మరి" అంది. పిల్ల అప్పటికే ఇంకేదో మాట్లాడుతోంది.

పిచ్చుక మూడో తరగతికొచ్చింది. తల్లిదండ్రుల సణుగుడు అర్జీల దాకా వెళ్ళింది. అర్జీలు పట్టుకుని అందరికంటే ఎక్కువ తిరిగింది మరదలే. ఒంటిపూట తీసేయాలి, బుధవారం మధ్యాహ్నం పిల్లల్ని సాయంత్రం దాకా బళ్ళోనే ఒక గదిలో కూర్చోబెట్టి, చూసుకోవడానికి ఆయాలని పెట్టాలి. అదీ వాళ్ళ కోరిక. ఆస్పత్రి నుంచి అలసిపోయి వచ్చి కూడా ఆవిడ ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించింది. ఇంట్లో ఒంటిపూట అత్త ఉండగా ఆవిడకేం తొందర అని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పడానికి ఆవిడ దగ్గర మాట సిద్ధంగానే ఉండేది: "ఎన్నాళ్ళని ఒకరి మీద ఆధారపడతాం?"

శనివారం భోజనాల హాల్లో మీటింగు పెట్టారు. పిల్లల బల్లల మీద పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. నీళ్ళ సీసా, మరదలి కాగితాల సంచీ మోసుకుని అత్తా వచ్చింది. చివరి బల్ల దగ్గర కూర్చుంది.

హెడ్‌మిస్ట్రెస్ అర్జీ చదివి, "ఒంటిపూట ఎత్తేయాలనేవాళ్ళు చేతులెత్తండి" అంది. హాలంతా చేతులే.

"ఉంచాలనేవాళ్ళు" అని మాటవరసకి అని, ఫైలు మూయబోయింది.

వెనక ఒక్క చెయ్యి లేచింది.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు సర్దుకుని, "మీరు ఏ పాప తాలూకు అమ్మా?" అంది.

"పిచ్చుక అత్తనండీ."

"ఎత్తేస్తే మీకొచ్చిన ఇబ్బందేంటి?"

ఆవిడ చెయ్యి ఇంకా అలాగే ఉంది. "బుధవారాలు నేను వస్తానండీ. పిల్లని తీసుకెళ్ళడానికి" అంది.

"ఇకమీదట రానక్కర్లేదమ్మా. ఈ మీటింగు పెట్టిందే అందుకు."

ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో హాలంతా నవ్వేసింది. "పాపం పెద్దావిడకి ప్రశ్న అర్థం కాలేదు" అందొకామె జాలిగా. ఆవిడకి ప్రశ్న బాగానే అర్థమైంది. ముందు బల్లలో కూర్చున్న తమ్ముడు వెనక్కి తిరక్కుండానే, పళ్ళ మధ్య నుంచి, "చెయ్యి దించక్కా" అన్నాడు.

ఇంటికొచ్చాక మరదలు సంచి సోఫాలోకి విసిరింది. "ఇన్నాళ్ళు తిరిగి సాధించుకున్నదానికి మా ఇంటి మనిషే అడ్డం. నలుగురిలో నా తల తీసేశారు. అసలు మీకేం కావాలి వదినా?"

"ఏమీ అక్కర్లేదమ్మా" అంది ఆవిడ. సోఫాలో పడ్డ కాగితాలు సంచిలో సర్దుతూ, "ఆ గదికి ఆయాలు కావాలన్నారుగా. నేను వెళ్ళి అడగనా?" అంది.

"ఆయా పనా? ఆస్పత్రిలో మా పైవాళ్ళ పిల్లలు కూడా అక్కడే చదువుతున్నారు. మా వదిన అక్కడ ముక్కులు తుడుస్తోందంటే నా పరువేం కాను?"

"ఇక్కడా తుడుస్తున్నాగా."

"ఇంట్లో వేరు" అంది మరదలు. ఆ సంగతి అక్కడితో ముగిసింది.

ఆ వారంలోనే ఒక పొద్దున తమ్ముడు కొలతల టేపు పట్టుకుని ఆవిడ గదిలోకొచ్చాడు. "అక్కా, ఆ కొస పట్టుకో" అన్నాడు. ఆవిడ మంచం మీద నుంచి లేచి గోడకి ఆనించి పట్టుకుంది. అలమరేదైనా పెడతాడేమో అనుకుంది. అతను పొడవూ వెడల్పూ చూసుకున్నాడు. కిటికీ ఎంత ఎత్తుందో చూసుకున్నాడు.

"దేనికిరా?"

"పిచ్చుకకి బల్ల చేయిస్తున్నా. పెద్దదవుతోంది కదా, దానికంటూ ఓ గది ఉండాలి."

"మరి నా మంచం?"

"చూద్దాంలే. ఇంకొంచెం గట్టిగా పట్టుకో, టేపు జారుతోంది."

ఆవిడ గట్టిగా పట్టుకుంది.

ఒంటిపూట ఎత్తేయడం కొత్త టర్ము నుంచి. అంతవరకూ బుధవారాలు ఎప్పటిలాగే నడుస్తాయి. మిగిలిన వాటిలో ఒకదానికి ఆవిడ గొడుగు పట్టుకుని బయల్దేరింది. బడి మలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది. ఇవాళ తను వెళ్ళకపోతే ఏమవుతుందో చూద్దామనిపించింది. పిల్ల ఏడుస్తుంది. తమ్ముడు పటాలు అక్కడే పడేసి పరుగెత్తుకొస్తాడు. మరదలు కౌంటరు మూసి వస్తుంది. అప్పుడు తెలుస్తుంది వాళ్ళకి, ఈ మనిషి లేకపోతే ఎలా ఉంటుందో.

గంట కొట్టారు. పిల్లలు వరసగా బయటికొచ్చారు. ఆవిడ మలుపులో గోడ చాటున నిలబడి చూసింది. పిచ్చుక గేటు దగ్గరికొచ్చి అటూ ఇటూ చూసింది. మునివేళ్ళ మీద లేచి రోడ్డు పొడవునా వెతికింది. ఒకసారి సరిగ్గా ఈ మలుపు వైపే చూసింది. ఆవిడ ఒక్కడుగు వెనక్కి వేసింది. పిల్లలంతా వెళ్ళిపోయారు. పిచ్చుక ఒక్కతే సంచి కింద పెట్టి గేటు పట్టుకుని నిలబడింది. ఆవిడ పిలుద్దామనుకుంది. పిలవలేదు. వెనక్కి తిరిగి బస్టాపులోకెళ్ళి కూర్చుంది. వచ్చిన బస్సు ఎక్కలేదు, లేచి బడికీ వెళ్ళలేదు. సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది.

ఇంట్లోకి అడుగుపెట్టేసరికి కేకలుంటాయనుకుంది. ఎవరూ కేకలేయడం లేదు. మరదలు టీ తాగుతోంది. తమ్ముడు పేపరు చూస్తున్నాడు. పిచ్చుక నేల మీద బోర్లా పడుకుని బొమ్మలేస్తోంది. రెండు అరచేతులకీ ఊదారంగు సిరా.

"వచ్చారా" అంది మరదలు.

బడివాళ్ళు తమ్ముడికి ఫోను చేశారట. అతను పనిలో ఉన్నానన్నాడు. తల్లికి చేశారు. సాయంత్రం దాకా ఆఫీసు గదిలో కూర్చోబెట్టండి అంది. కూర్చోబెట్టారు. అంతే.

"అత్తా, ఆఫీసు ఆంటీ నాకు స్టాంపిచ్చింది" అంది పిచ్చుక చేతులు చూపిస్తూ. "కాగితాలన్నిటికీ నేనే వేశా. బిస్కెట్లు కూడా పెట్టింది."

"నాకోసం చూశావా?"

"కాసేపు చూశా. తర్వాత మర్చిపోయా."

మరదలు నవ్వింది. "ఇంత తేలికని తెలిస్తే మొదట్నించీ ఇలాగే చేసేవాళ్ళం కదండీ" అంది మొగుడితో. తర్వాత ఆవిడ వైపు తిరిగి, "ఇంతకీ ఎక్కడికెళ్ళారు? ఒంట్లో బాలేదా?" అంది.

ఔను, కళ్ళు తిరిగాయి అంటే పోయేది. ఆ మాట ఆవిడకి అందించింది మరదలే. కానీ పొద్దుట్నించీ ఏమీ తినలేదు, సాకులు చెప్పే ఓపిక లేదు. పిల్ల "మర్చిపోయా" అన్న మాట ఇంకా చెవిలో ఉంది. "బాగానే ఉన్నా. కావాలనే వెళ్ళలేదు" అంది.

తమ్ముడు పేపరు దించాడు. "కావాలనా?"

"మలుపులోనే ఉన్నా. చూస్తూనే ఉన్నా."

"పసిపిల్లని రోడ్డు మీద వదిలేసి, చూస్తూ నిలబడ్డావా?"

వాళ్ళకి ఆ ఒక్క మాట చాలింది. అంతవరకూ పొమ్మనడానికి వాళ్ళకీ నోరు రాలేదు. గది ఖాళీ చేయించి పంపించడం ఎలా అని ఇద్దరూ మథనపడుతున్నారు కూడా. ఇప్పుడు పొమ్మనడం న్యాయమైపోయింది. రెండ్రోజుల్లో వీధంతా పాకింది. మొదట తలుపేసుకున్న పక్కింటావిడే మరదల్ని ఓదార్చడానికి వచ్చి, "రక్తసంబంధం అని నమ్మితే ఇలాగే ఉంటుందమ్మా" అని వెళ్ళింది.

అదంతా ఆవిడ భరించేదే. కానీ మరదలు పిల్లని కూర్చోబెట్టి చెప్పింది: "అత్త నిన్ను కావాలనే వదిలేసింది. నువ్వు గేటు దగ్గర నిలబడితే దాక్కుని చూసింది." స్టాంపులూ బిస్కెట్లూ తప్ప ఏమీ గుర్తులేని పిల్లకి ఆ గేటు అప్పుడు గుర్తొచ్చింది. బట్టలు సర్దుకుంటున్న అత్త దగ్గరికొచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"నిజమేనా అత్తా?"

ఆవిడ చేతిలో చీర మడత పెట్టడం ఆపి, "నిజమేనమ్మా" అంది.

"నేను నిన్ను పిలిచా కూడా."

"వినపళ్ళేదు" అంది ఆవిడ. అది నిజమే. పిల్ల నమ్మలేదు. లోపలికి రాకుండా వెళ్ళిపోయింది. తమ్ముడు పెట్టె కింది దాకా మోసి, "చేరాక ఫోను చెయ్యి" అన్నాడు. ఎక్కడికి చేరుతుందో అడగలేదు.

ఆవిడ పాత దుకాణానికే వెళ్ళింది. అప్పటికే మాస్టారు పోయాడు. దుకాణం అల్లుడి చేతికొచ్చింది. మిషన్ల మీద కుర్రపిల్లలు కూర్చుంటున్నారు. పైగది సరుకు గదైంది. అల్లుడు మంచివాడే, మామగారి కాలం మనిషని గుండీలు, చేతి హెమ్మింగు ఇచ్చాడు. మిషను పని అడిగితే, "ఇవి కరెంటు మిషన్లు పిన్నిగారూ, మీకు చేత కాదు" అన్నాడు. లాండ్రీ వెనక ఒక గదిలో మరో ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి ఉంటోంది. తమ్ముడు ఒకసారి ఫోను చేశాడు, ఆవిడ మర్చిపోయిన గొడుగు పారేయమంటావా ఉంచమంటావా అని.

ఏడాది దాటాక ఒక సాయంత్రం దుకాణంలోకి ఒక పిల్ల వచ్చింది. పొడుగైంది. మాటలు తగ్గాయి. బయట స్కూటరు మీద హెల్మెట్టు తీయకుండా తల్లి కూర్చుని ఉంది. పిల్ల కౌంటరు మీద యూనిఫాం స్కర్టు పెట్టి, "పొట్టిదైపోయింది. అంచు విప్పి కిందకి దించాలట" అంది అల్లుడితో. అతను వెనక్కి తిరిగి, "పిన్నిగారూ, ఇది మీరు చూడండి" అన్నాడు.

ఆవిడ అప్పటికే గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని పనిలో ఉంది. లేచి వచ్చి, స్కర్టు పిల్ల నడుముకి ఆనించి, మోకాళ్ళ దగ్గర కూర్చుని సుద్దతో గీత పెట్టింది. పిల్ల కింద ఉన్న నెరిసిన తలని చూసింది. గుర్తుపట్టింది. గుర్తుపట్టినట్టు మొహంలో తెలిసిపోయింది.

"మీరు కొంచెం తొందరగా ఇస్తారా? అమ్మ బయట ఉంది" అంది.

మీరు అంది. నోట్లో సూదులుండటంతో ఆవిడ తలూపింది. అక్కడే ముక్కాలిపీట మీద కూర్చుని అంచు విప్పి, కొత్త మడత పెట్టి, చేత్తో కుట్టసాగింది. పిల్ల రోడ్డు వైపు తిరిగి నిలబడింది. ఆవిడ సూదులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. ఆఖరి సూది తీశాక నోరు ఖాళీ అయింది. ఎన్నో తరగతి అని అడగొచ్చు. బాగున్నావా అనొచ్చు. స్కర్టు దులిపి, మడిచి అందించింది.

"థాంక్సండీ" అని పిల్ల మెట్లు దిగింది. స్కూటరు కదిలిపోయింది.

"తెలిసినవాళ్ళా?" అన్నాడు అల్లుడు, ఆ చూపు చూసి.

"ఎవరో బడిపిల్ల" అంది ఆవిడ. కింద పడ్డ దారం ముక్కలు ఏరి, కుప్పలోంచి తర్వాతి ప్యాంటు లాగింది.